చిన్న స్ట్రోకేనట! – మొదటి మూడు రోజుల్లో ఏం జరుగుతుంది?

"నాన్నగారికి చిన్న స్ట్రోక్ వచ్చిందటండీ. కుడి చెయ్యి కాస్త పట్టు తప్పింది, మాట కొంచెం ముద్దగా వస్తోంది. నడుస్తున్నారు, భోజనం చేశారు. సి.టి. స్కాన్‌లో ఏమీ కనపడలేదట. మందులు రాయించుకుని ఇంటికి తీసుకెళ్ళిపోదామా అని తమ్ముడు అడుగుతున్నాడు. ఏం చెప్పమంటారు?"

నేను న్యూరాలజిస్టుని కావడం వల్ల ఇలాంటి ఫోన్లు నాకు తరచుగా వస్తుంటాయి. ఇక్కడ అమెరికాలో మనం పడుకునే వేళకి అక్కడ తెల్లవారుతుంది, అప్పుడే ఈ కబురు తెలుస్తుంది. ఆ మిత్రుడికి నేను చెప్పిన సమాధానం ఒక్కటే: "ఇంటికి వద్దు. కనీసం మూడు రోజులు ఆస్పత్రిలోనే ఉంచండి."

మర్నాటి రాత్రి ఆయనే మళ్ళీ ఫోన్ చేశారు. ముందురోజు పైకి ఎత్తగలిగిన చెయ్యి ఇప్పుడు మంచం మీద నుంచి లేవడం లేదు. కాలు కూడా బరువెక్కింది. "చిన్నదన్నారు కదండీ, ఆస్పత్రిలో ఉండగానే ఎలా పెరిగింది? రక్తంలో సి.ఆర్.పి. ఎక్కువుంది, ఇన్‌ఫ్లమేషన్ అంటున్నారు. అయితే అది తగ్గించే మందు ఇవ్వొచ్చు కదా?"

ఈ రెండు ప్రశ్నలూ చాలా మంచివి. మనలో చాలామంది తల్లిదండ్రులు అక్కడ, మనం ఇక్కడ. ఎప్పుడో ఒకప్పుడు ఈ ఫోన్ మనలో ఎవరికైనా రావచ్చు. అందుకే వాటికి తెలిసినంతవరకు వివరంగా సమాధానం రాస్తున్నాను.

చిన్న నాళం, చిన్న గుంట

మెదడుకి రక్తం తీసుకెళ్ళే పెద్ద ధమనుల నుంచి వెంట్రుకల్లాంటి సన్నటి కొమ్మలు చీలి మెదడు లోతుల్లోకి వెళ్తాయి. వీటి వెడల్పు మిల్లీమీటరు లోపే. గోదావరి, కృష్ణా డెల్టాల్లో పెరిగినవాళ్ళకి ఒక పోలిక చెబితే సులువుగా అర్థమవుతుంది. పెద్ద ధమని ప్రధాన కాలువ అయితే, ఈ సన్న నాళాలు తూము దగ్గర మొదలై చేలకి నీళ్ళు మోసే పంట బోదెలు. ఒక్కో చేనుకి ఒక్కటే బోదె. అది పూడిపోతే పక్క బోదె నుంచి నీళ్ళు రావు. మెదడు లోతుల్లో ఈ నాళాలకీ ప్రత్యామ్నాయ మార్గాలు దాదాపు లేవు.

ఇలాంటి ఒక నాళం మూసుకుపోతే, అది పోషించే కొద్దిపాటి మెదడు భాగం చచ్చిపోతుంది. కొన్నాళ్ళకి అక్కడ చిన్న గుంట మిగులుతుంది. దీన్ని ఫ్రెంచి వైద్యులు పందొమ్మిదో శతాబ్దంలోనే గమనించి "లాక్యూన్" అన్నారు. ఈ స్ట్రోక్‌కి లాక్యునార్ స్ట్రోక్ అన్న పేరు అలా వచ్చింది. దీనిమీద మనకున్న అవగాహనలో ఎక్కువ భాగం బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో పనిచేసిన కెనడా వైద్యుడు మిల్లర్ ఫిషర్ పుణ్యమే. ఆయన 1965లో ప్రచురించిన వ్యాసంలో, చనిపోయిన 1042 మంది మెదళ్ళను పరీక్షించగా 114 మందిలో ఈ గుంటలు కనిపించాయని రాశారు. వాళ్ళలో అత్యధికులకు రక్తపోటు ఉంది.

రక్తనాళం మూసుకుపోవడం వల్ల వచ్చే స్ట్రోకుల్లో సుమారు నాలుగోవంతు ఈ రకానివే. కారణాల్లో మొదటిది రక్తపోటు, తర్వాత మధుమేహం, పొగతాగడం, వయసు.

ఇక్కడ "చిన్న" అన్న మాటకి అర్థం సరిగా తెలుసుకోవాలి. చిన్నది మూసుకున్న నాళం, చిన్నది దెబ్బతిన్న చోటు. మచ్చ సాధారణంగా రెండు సెంటీమీటర్ల లోపే ఉంటుంది. నష్టం మాత్రం చిన్నదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ముఖానికి, చేతికి, కాలికి మెదడు నుంచి వెళ్ళే తీగలన్నీ ఇంటర్నల్ క్యాప్స్యూల్ అనే ఇరుకైన సందులోంచి వెళ్తాయి. ఆ సందులో బఠాణీగింజంత దెబ్బ తగిలితే ఒక పక్క మొత్తం పడిపోవచ్చు.

ఈ స్ట్రోక్‌లో సాధారణంగా స్పృహ తప్పదు. మాట ముద్దగా వస్తుంది కానీ పదాలు మరిచిపోరు. ఒక పక్క బలహీనత, లేదా ఒక పక్క తిమ్మిరి, లేదా చెయ్యి పట్టు తప్పడం కనిపిస్తుంది. మనిషి మామూలుగా మాట్లాడుతుంటాడు కాబట్టి ఇంట్లోవాళ్ళు "నీరసం", "చెయ్యి మీద పడుకున్నారు" అని సర్దిచెప్పుకుంటారు. పైగా మొదటి గంటల్లో తీసిన సి.టి. స్కాన్‌లో ఇది చాలాసార్లు కనపడదు. ఆ స్కాన్ ముఖ్యంగా రక్తస్రావం లేదని తేల్చుకోవడానికి తీస్తారు. స్కాన్ మామూలుగా ఉంది కనక స్ట్రోక్ లేదనుకోకూడదు. డిఫ్యూజన్ ఎమ్.ఆర్.ఐ.లో అయితే చాలావరకు తెలుస్తుంది.

ముదరడం అంటే ఏమిటి?

స్ట్రోక్ తీవ్రతని కొలవడానికి ఎన్.ఐ.హెచ్. స్కేలు అని ఒకటుంది. సున్నా నుంచి 42 దాకా మార్కులు. ఎన్ని మార్కులొస్తే అంత తీవ్రం. మొదటి 72 గంటల్లో ఈ స్కోరు రెండు మార్కులు పెరిగినా, చేతుల, కాళ్ళ బలానికి సంబంధించి ఒక్క మార్కు పెరిగినా, ముదిరిందని చాలా అధ్యయనాల్లో లెక్కిస్తారు. లాక్యునార్ స్ట్రోకుల్లో ఇలా ముదిరేవి రమారమి నూటికి 20 నుంచి 30. అంటే నలుగురిలో ఒకరు. ఇలా ముదిరినవాళ్ళు మూడు నెలల తర్వాత సొంతంగా నడవగలిగే అవకాశం మిగతావాళ్ళకంటే తక్కువ.

కొందరిలో ఇది మెట్లుమెట్లుగా జరుగుతుంది. కొందరిలో చెయ్యి, కాలు పడిపోవడం, అరగంటలో బాగవడం, మళ్ళీ పడిపోవడం, ఇలా ఒకే రోజులో పలుమార్లు జరుగుతుంది. దీన్ని ఆస్ట్రేలియా వైద్యుడు డోనన్, ఆయన సహచరులు 1993లో "క్యాప్స్యులర్ వార్నింగ్ సిండ్రోమ్" అని వర్ణించారు. పేరులోనే హెచ్చరిక ఉంది. "వచ్చింది, పోయింది, ఇక భయం లేదు" అనుకోవలసిన సమయం కాదది.

ఎందుకు ముదురుతుంది?

ఒక్క కారణం కాదు, కొన్ని కలిసి పనిచేస్తాయి.

మొదటిది తూము దగ్గర పూడిక. కొందరిలో సన్న నాళం మధ్యలో కాక, అది పెద్ద ధమని నుంచి చీలే చోటే కొవ్వు పేరుకుని ఉంటుంది. 1989లో లూయీ కాప్లాన్ అనే అమెరికన్ న్యూరాలజిస్టు దీని ప్రాముఖ్యాన్ని ఎత్తి చూపారు. ఇక్కడ గడ్డ కొద్దికొద్దిగా పెరిగి నోరు పూర్తిగా మూసేయవచ్చు. మెదడు లోపలి ధమనుల్లో కొవ్వు పేరుకోవడం పాశ్చాత్యులలో కంటే ఆసియా వాసుల్లో ఎక్కువ. కాబట్టి ఇది మనవాళ్ళకి సంబంధించిన విషయమే.

రెండోది కాలువలో నీటిమట్టం. కాలువలో నీళ్ళు తగ్గితే ముందు ఎండేవి శివారు చేలు. రక్తపోటు ఒక్కసారిగా పడిపోతే, అప్పటికే కొనప్రాణంతో ఉన్న మెదడు భాగానికి ఆ కాస్త రక్తమూ అందదు.

మూడోది ఇన్‌ఫ్లమేషన్. దీన్ని కొందరు తాపం అంటారు, కొందరు శోథ అంటారు, వాడుకలో వాపు, మంట అంటాం. నేను ఇన్‌ఫ్లమేషన్ అనే రాస్తాను.

ఇన్‌ఫ్లమేషన్ చేసే పని

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ చోటు ఎర్రబడి, వాచి, వేడెక్కుతుంది. అది శరీరం చేసే మరమ్మతు పని. మెదడులో రక్తం అందక కణాలు చచ్చిపోతున్నప్పుడు కూడా ఇదే మొదలవుతుంది. చచ్చిపోయే కణాలు ప్రమాద సంకేతాలు విడుదల చేస్తాయి. మెదడులో కాపలా కాసే మైక్రోగ్లియా కణాలు మేల్కొని టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-6 వంటి రసాయనాలని వదులుతాయి. వాటి ప్రభావంతో రక్తనాళం లోపలి పొర జిగురు పట్టినట్టవుతుంది. ఐకామ్-1 వంటి అణువులు ఆ పొర మీద పైకి తేలి తెల్లరక్తకణాలని పట్టుకుంటాయి. అప్పటికే ఇరుకైన నాళంలో ఈ కణాలు అడ్డం పడతాయి, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, నాళాల గోడలు కారి చుట్టూ నీరు చేరుతుంది. చచ్చిన భాగం చుట్టూ ఇంకా ప్రాణంతో ఉన్న అంచు కూడా దెబ్బతినవచ్చు. ఇదంతా గంటల్లో మొదలై రోజుల తరబడి సాగుతుంది. ముదిరే వ్యవధి కూడా అదే కావడం గమనించండి.

2002లో స్పెయిన్ పరిశోధకులు లాక్యునార్ స్ట్రోక్ వచ్చిన తొలి 24 గంటల్లో రోగుల రక్తం పరీక్షించారు. తర్వాత ముదిరినవాళ్ళలో టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-6, ఐకామ్-1 ముందుగానే ఎక్కువగా ఉన్నట్టు తేలింది. ఆ తరువాత సి.ఆర్.పి.తో, తెల్లకణాల్లో న్యూట్రోఫిల్, లింఫోసైట్ల నిష్పత్తితో జరిగిన పలు అధ్యయనాలు కూడా ఇలాంటి సంబంధాన్నే చూపాయి.

సి.ఆర్.పి. రిపోర్టుని ఎలా చదవాలి?

సి-రియాక్టివ్ ప్రోటీన్‌ని 1930లో న్యూయార్కులోని రాక్‌ఫెలర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే శాస్త్రవేత్తలు న్యుమోనియా రోగుల రక్తంలో కనుగొన్నారు. ఇంటర్‌ల్యూకిన్-6 సంకేతం అందగానే కాలేయం దీన్ని తయారుచేస్తుంది. దెబ్బ తగిలిన కొన్ని గంటలకి పెరగడం మొదలై, సుమారు రెండు రోజులకి శిఖరానికి చేరుతుంది.

రిపోర్టు చదివేటప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోండి.

ఒకటి, కొలమానం. కొన్ని లాబ్‌లు లీటరుకి మిల్లీగ్రాముల్లో, కొన్ని డెసిలీటరుకి మిల్లీగ్రాముల్లో ఇస్తాయి. రెండింటికీ పదిరెట్ల తేడా. వాట్సాప్‌లో అంకె మాత్రమే పంపితే గాభరా పడతాం. రిపోర్టు ఫోటో అడగండి.

రెండు, సి.ఆర్.పి. ఇల్లు తగలబడుతోందని చెబుతుంది కానీ ఏ గదిలోనో చెప్పదు. చిగుళ్ళ జబ్బు, కీళ్ళవాతం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, అన్నీ దాన్ని పెంచుతాయి.

మూడు, అన్నిటికంటే ముఖ్యమైనది. లాక్యునార్ స్ట్రోక్‌లో చచ్చే భాగం చిన్నది కాబట్టి, దానివల్ల మాత్రమే సి.ఆర్.పి. విపరీతంగా పెరగదు. బాగా ఎక్కువుంటే ముందు ఇన్‌ఫెక్షన్ కోసం వెతకాలి. మింగడం సరిగా లేక నీళ్ళో, అన్నమో ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా రావడం స్ట్రోక్ రోగుల్లో సాధారణం. దానికి వైద్యం ఉంది. నా మిత్రుడితో నేను మొదట అన్న మాట కూడా ఇదే: "జ్వరం ఉందా, దగ్గుతున్నారా, ఛాతీ ఎక్స్‌రే తీశారా అని కనుక్కోండి."

మరి మంట ఆర్పే మందు ఇవ్వొచ్చు కదా?

ఇది రెండో ప్రశ్న. తర్కం చక్కగానే ఉంది. ప్రయత్నాలూ జరిగాయి. ఫలితాలు మాత్రం నిరాశపరిచాయి.

ఐకామ్-1ని అడ్డుకునే ఎన్లిమోమాబ్ అనే మందుని స్ట్రోక్ రోగుల మీద పరీక్షించి 2001లో ఫలితాలు ప్రకటించారు. మందు తీసుకున్నవాళ్ళ పరిస్థితి తీసుకోనివాళ్ళ కంటే అధ్వాన్నమైంది. అది ఎలుక కణాల నుంచి చేసిన యాంటీబాడీ కావడం వల్ల అదే కొత్తగా ఇన్‌ఫ్లమేషన్ తెచ్చిపెట్టిందని భావించారు. స్టీరాయిడ్లు ఈ రకం స్ట్రోక్‌లో మేలు చేస్తాయని రుజువు కాలేదు, పైగా చక్కెర, ఇన్‌ఫెక్షన్ పెంచుతాయి.

గౌట్ జబ్బుకి వాడే పాతమందు కొల్చిసిన్ మీద ఇటీవల చాలా ఆశలు పెట్టుకున్నారు. 2024లో వచ్చిన చాన్స్-3 అనే చైనా అధ్యయనంలో, సి.ఆర్.పి. ఎక్కువున్న 8343 మంది చిన్న స్ట్రోక్, తాత్కాలిక స్ట్రోక్ రోగులకి మూడు నెలలు ఇచ్చి చూస్తే మళ్ళీ స్ట్రోక్ రావడం తగ్గలేదు. అదే ఏడాది ఐరోపాలో ముగిసిన కన్విన్స్ అధ్యయనంలో కొద్దిపాటి తగ్గుదల కనపడినా, అది యాదృచ్ఛికం కాదని చెప్పేంత బలంగా లేదు.

పొగ కనిపించింది కదా అని పొగని చెదరగొడితే నిప్పు ఆరదు. ఇన్‌ఫ్లమేషన్ కొంతవరకు నష్టం చేస్తుంది, ఆ తర్వాత మరమ్మతు కూడా అదే చేస్తుంది. ఎప్పుడు, ఎంత అడ్డుకోవాలో ఇంకా తేలలేదు. కాబట్టి ఈరోజు సి.ఆర్.పి. ఒక హెచ్చరిక మాత్రమే: "ఈ రోగిని మరింత జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండండి" అని.

రుజువైనవి ఏమిటి?

లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు చేరితే గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి అర్హులా అని చూస్తారు. లాక్యునార్ స్ట్రోక్‌లో కూడా ఇది పనిచేస్తుంది.

తేలికపాటి స్ట్రోక్ వచ్చి ఆ ఇంజెక్షన్ ఇవ్వనివాళ్ళకి, 24 గంటల లోపు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిపి మొదలుపెట్టి సుమారు 21 రోజులు ఇస్తే మళ్ళీ స్ట్రోక్ వచ్చే ప్రమాదం తగ్గుతుందని చాన్స్ (2013), పాయింట్ (2018) అధ్యయనాలు చూపాయి. ఆ తర్వాత సాధారణంగా ఒక్కటే కొనసాగిస్తారు. లాక్యునార్ స్ట్రోక్ వచ్చిన 3020 మందిని కొన్నేళ్ళు గమనించిన ఎస్.పి.ఎస్.-3 అధ్యయనంలో (2012), రెండూ దీర్ఘకాలం వాడితే లాభం లేకపోగా రక్తస్రావం, మరణాలు పెరిగాయి.

ముదురుతున్న రోగులకి టైరోఫిబాన్ అనే ఇంజెక్షన్ కొంత మేలు చేస్తుందని 2023లో చైనా నుంచి వచ్చిన రెస్క్యూ బి.టి.-2 అధ్యయనం సూచించింది. రక్తస్రావం ప్రమాదం కొంత పెరుగుతుంది. ఇది అన్నిచోట్లా వాడుకలోకి రాలేదు. ఇవ్వాలా వద్దా అన్నది దగ్గరుండి చూసే వైద్యుడే నిర్ణయించాలి.

ఇవి కాక స్టాటిన్ మాత్ర, చక్కెర అదుపు, జ్వరం తగ్గించడం, మింగడం పరీక్షించాకే నోటితో ఆహారం ఇవ్వడం. వినడానికి మామూలుగా అనిపించే ఈ పనులే ముదరకుండా చాలామందిని కాపాడతాయి.

ఇంట్లోవాళ్ళు మంచి అనుకుని చేసే పొరపాట్లు

బి.పి. 190 ఉంది కదా అని ఇంటి దగ్గరే అదనపు మాత్ర వెయ్యడం, నాలుక కింద మందు పిండడం. ఇది ప్రమాదం. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వనివాళ్ళలో, వేరే కారణం లేకపోతే, 220/120 దాటేవరకు మొదటి ఒకటి రెండు రోజులు బి.పి.ని సాధారణంగా అలాగే వదిలేస్తారు. అది నిర్లక్ష్యం కాదు, శివారు చేనుకి నీళ్ళు అందించడం. ఆ రోజులు దాటాక మాత్రం బి.పి. గట్టిగా తగ్గించవలసిందే.

స్కాన్ తియ్యకముందే ఆస్పిరిన్ వెయ్యడం. అది రక్తస్రావం అయితే చేజేతులా హాని చేసినట్టే.

ఒంటినొప్పులకి ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి ఇవ్వడం. ఇవి కూడా ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే మందులే కదా అనుకోవద్దు. బి.పి. పెంచుతాయి, కడుపులో రక్తస్రావం తెస్తాయి. ఇబుప్రొఫెన్ అయితే ఆస్పిరిన్ పనిని కూడా చెడగొట్టగలదు.

మొదటిరోజే లేపి పదేపదే నడిపించడం. 2015లో వచ్చిన అవర్ట్ అధ్యయనంలో, మొదటి 24 గంటల్లోనే మరీ ఎక్కువగా నడిపించినవాళ్ళు తక్కువగా కోలుకున్నారు. ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు చెయ్యండి.

నాటుమందు, పసరు కోసం ఊరు తీసుకెళ్ళడం. పోయిన గంటలు తిరిగి రావు. కూరలో పసుపు వేసుకోవచ్చు, దానితో స్ట్రోక్ తగ్గుతుందని మాత్రం రుజువు లేదు.

ఫోన్లో అడగవలసిన ప్రశ్నలు

ఈ జాబితాని దగ్గర పెట్టుకోండి.

1. లక్షణాలు ఎన్నింటికి మొదలయ్యాయి? ఆఖరుసారి మామూలుగా ఎప్పుడు ఉన్నారు?
2. సి.టి. తీశారా? ఎమ్.ఆర్.ఐ.తో పాటు రక్తనాళాల చిత్రం కూడా తీశారా?
3. ఎన్.ఐ.హెచ్. స్కోరు ఎంత? మళ్ళీ ఎప్పుడు చూస్తారు?
4. నీళ్ళు, అన్నం ఇచ్చేముందు మింగడం పరీక్షించారా?
5. బి.పి. ఎంత దాకా ఉండనిస్తున్నారు?
6. చక్కెర, జ్వరం, సి.ఆర్.పి. ఎంత? ఇన్‌ఫెక్షన్ ఉందా?
7. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ ఎన్నిరోజులు? తర్వాత ఏది?
8. ఇ.సి.జి.లో గుండె లయ సరిగా ఉందా?

పక్కనున్నవాళ్ళకి ఇంకో పని చెప్పండి. మెలకువగా ఉన్నప్పుడు రెండు మూడు గంటలకోసారి రెండు చేతులూ ముందుకి చాపించి పది లెక్కపెట్టమనండి. ఒక చెయ్యి కిందికి జారినా, మాట మరింత ముద్దయినా, "మళ్ళీ చూద్దాం" అనుకోకుండా అప్పుడే నర్సుని పిలవాలి. ఇంట్లో ఉండగా జరిగితే తెలుగు రాష్ట్రాల్లో 108, అమెరికాలో 911.

నా మిత్రుడి తండ్రిగారి విషయం చెప్పి ముగిస్తాను. ఆస్పత్రిలో ఉన్నారు కాబట్టి చెయ్యి పడిపోయిన సంగతి వెంటనే తెలిసింది. రక్తపోటు పడిపోయిందని గమనించి సెలైన్ పెట్టారు. సి.ఆర్.పి. ఎందుకు పెరిగిందో వెతికితే ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ దొరికింది, వైద్యం చేశారు. మూడు నెలలకి చేతికర్రతో వీధి చివరిదాకా నడిచారు. కుడిచేత్తో అన్నం కలుపుకోవడం మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు. ఇంట్లోనే ఉండి ఉంటే ఆ నడకైనా దక్కేదో లేదో.

స్ట్రోక్ చిన్నదా పెద్దదా అన్నది మొదటిరోజు స్కాన్ చూసి చెప్పలేం. మూడు రోజులు గడిచాక చెప్పాలి. అంతవరకు కనిపెట్టుకుని ఉండాలి.

గమనిక: ఈ వ్యాసం అవగాహన కోసం మాత్రమే. వైద్య నిర్ణయాలు రోగిని స్వయంగా చూస్తున్న వైద్యుల సలహాతోనే తీసుకోవాలి.